ఛాతి ఫోటో

విజిట్ అంటే సూసిపోవుడట.
రాయికల్ ఏజెంటు గట్లనే చెప్పిండు,
కుర్చీల వెనుకకు ఒరిగి, అద్దాలు తుడుసుకుంట.
అరవై దినాలు. ఆ లోపల
కంపెనీ నీకు నచ్చితే వీసా మారుతదట.
కంపెనీకి నువ్వు నచ్చితే అనలే.

లింబాద్రీ, ఏం సూసినవ్ ఆడ?
ఫోన్ల అడిగిన.
పై మంచం అడుగు సూసిన అన్నవ్.
రేకు మీద ఎవడో మేకుతోటి గీతలు గీసిండు,
నలభై ఏడు కాడ ఆగినయ్ అన్నవ్.
ఆ తర్వాత వాడు ఏమైండో నేనడగలే.

నాకు గీతలెందుకు?
దినానికి వెయ్యి బీడీలు, కట్టకు ఇరవై ఐదు.
నలభై కట్టలు చాటల వడ్డయంటె
నీ వీసాల ఒక దినం తెగినట్టు.
చిన్నది బడికెల్లొచ్చి తునికాకు తడుపుకుంట
"నాయిన టూరిస్టానే?" అంటది.
కాగితం మీద గట్లనే ఉన్నది బిడ్డా.
సిమెంటు మోసే టూరిస్టు.
పోలీసు బండి కనవడితె
బస్తాల సాటుకు కూసునే టూరిస్టు.

యాభై ఒకటో దినం ఫోన్ చేసినవ్.
కంపెనీ ఒప్పుకున్నదట, సేటు సంతకం వెట్టిండట,
ఇగ మెడికల్ ఒక్కటేనట.
రక్తం తీసిండ్రు, ఛాతి ఫోటో తీసిండ్రు.
మచ్చ ఉంటె అన్‌ఫిట్.
మచ్చ ఉంటె వీసా మారదు, తిరుగు విమానమే.

ఆ రాత్రి కన్ను మూతవడలే.
పన్నెండేండ్లు ఈ ఒక్క అర్రల
నా చాట పక్కపొంటి పండుకున్నవ్.
తంబాకు దుమ్ము అన్నంల వడ్డది, దుప్పట్ల వడ్డది.
దగ్గొస్తె, "నీకంటె నీ తంబాకే ఘాటు" అని
నవ్వేటోనివి.
లేచిన. గంప, చాట, తంబాకు డబ్బా
అన్ని వాకిట్ల వెట్టొచ్చిన.
ఇప్పుడు వెడితె ఏమొస్తది,
సముద్రం అవతల తీసిన ఫోటోల
మచ్చ తుడుసుకపోతదా?
అయినా వెట్టిన.
మంచు వడి ఆకంత మెత్తవడ్డది.

మూడు దినాలు.
కోరుట్ల కార్ఖానల బీడీలు ఏరెటాయన
కట్ట చేతుల తిప్పుతడు, నొక్కుతడు,
నచ్చకుంటె ఛాట్‌ల ఇసిరేస్తడు.
ఎందుకని అడిగితె చెప్పడు.
ఆయన ముంగట నిలవడ్డప్పుడు
నిన్ను గుడ ఎవడో గట్లనే
ఎలుగుకు వట్టి సూస్తున్నట్టనిపిచ్చింది.

నిజం చెప్తున్న, నీకు గుడ చెప్పను ఇది:
ఒక్క రాత్రి, మచ్చ ఉండాలని మొక్కిన.
చిన్న మచ్చ. మందులకు పొయ్యేటిది.
తెల్లారి అప్పు కాగితం యాదికచ్చి
ఆ మొక్కు వాపసు తీసుకున్న.

ఫిట్ అట.
రెండేండ్ల వీసా, పక్కా.
పావుకిలో జిలేబి తెచ్చి గల్లంత పంచిన.
ఫోన్ల నువ్వు నవ్వుతున్నవ్, నడిమిట్ల దగ్గినవ్.
"దుమ్ము" అన్నవ్.
ఏ దుమ్మో అడగలే.

రెండేండ్లకు ఎన్ని కట్టలో
చిన్నది పలక మీద గుణిస్తున్నది.
తప్పు పోయింది. ఉమ్మితోటి తుడిసి
మళ్ల మొదలువెట్టింది.
వాకిట్లకెల్లి చాట
నేను లోపటికి తెచ్చుకున్న.