పదమూడంగుళాల రబ్బరు

బటూమిలో వాన కురవదు, కాపురముంటుంది.
నల్లసముద్రం మీంచి వచ్చి
మాగ్నోలియా చెట్ల కింద మూట దించుకుని
నాలుగు రోజులదాకా కదలదు.
రేవు వెనక రేకుల షెడ్డులో
నా కొట్టుకి అదే పెట్టుబడి.

గోడకి వేలాడే వైపర్ బ్లేడ్లు, పొడుగువారీగా.
చూడటానికి రంపాల్లా ఉంటాయి,
కోసేది నీళ్ళనే.

ఎప్పుడు మార్చాలి? అని అడుగుతారు.
అద్దమే చెబుతుంది.
కిర్రుమంటే రబ్బరు ఎండిపోయింది.
దడదడలాడితే చెయ్యి వంగింది.
సరిగ్గా కళ్ళెదుట ఒక్క సన్నటి గీత వదిలేసి
తక్కినదంతా శుభ్రంగా తుడుస్తుంటే
అదీ ప్రమాదం.
మనిషి ఆ గీతకి అలవాటు పడిపోతాడు.

కొట్లో చేరిన కుర్రాళ్ళకి ముందు నేర్పేది తువ్వాల సంగతి.
బ్లేడు ఊడదీసే ముందు
అద్దం మీద తువ్వాల మడతపెట్టి పరవాలి.
బ్లేడు లేని చేతికే బలుపెక్కువ;
స్ప్రింగు ఒక్కసారి వదిలిందంటే
ఠప్పున పడి అద్దాన్ని సాలెగూడు చేస్తుంది.
వినరు.
ఏటా ఒకడైనా పగలగొట్టి
ఆ మీదట జన్మంతా తువ్వాల పరుస్తాడు.

నుగ్జార్ తాతకి ఇవేవీ చెప్పక్కర్లేదు.
ఆయన జిగులీ కారు నాకంటే పెద్దది.
రోజూ రాత్రి కారాపి, దిగి,
వానలో నిలబడి రెండు బ్లేడ్లూ తీసి
పాత పత్రికలో చుట్టి
కోటు లోపల, రొట్టె పక్కన పెట్టుకుని
ఐదంతస్తులు ఎక్కుతాడు.
సోవియట్ రోజుల అలవాటు.
అప్పట్లో బ్లేడు దొరకాలంటే
చుట్టాల్లో ఒకడు ఫ్యాక్టరీలోనైనా ఉండాలి,
దొంగైనా అయ్యుండాలి.
"మా మేడ కింద పదకొండు కార్లు.
తెల్లారేసరికి ఏ కారుకి కనుబొమలు పోయాయో
కిటికీలోంచి లెక్కపెట్టేవాళ్ళం" అంటాడు.

ఇంట్లో వాటికో మేకు, తలుపు వెనకాల.
ఆదివారం గుడ్డ మీద రెండు చుక్కలు చాచా పోసి,
ద్రాక్షపిప్పి సారా,
రబ్బరు అంచు తుడుస్తాడు.
వారం రోజుల రోడ్డు నల్లటి గీతై గుడ్డలోకి దిగుతుంది.
"డీజిలు తగిలితే రబ్బరు ఉబ్బుతుంది,
చాచా తగిలితే బుద్ధి వస్తుంది"
అంటూ మిగిలింది తాగేస్తాడు.
కొట్టుకొస్తే బ్లేడు మొత్తం కొనడు.
"ఎముక బాగానే ఉంది. చర్మం ఇవ్వు."

పోయిన అక్టోబరులో వచ్చాడు, మొహం కందగడ్డ చేసుకుని.
"మోకాలు పట్టేసింది. రాత్రి బ్లేడ్లు తియ్యలేదు."
పోయాయా, అన్నాను.
నా చెయ్యి అప్పుడే గోడ మీది పదమూడంగుళాల వైపు వెళ్ళింది.
"లేదు."
మరి?
"అక్కడే ఉన్నాయి. రెండూ."
బెంచీ మీద కూలబడ్డాడు. టోపీ అంచు నుంచి నీళ్ళు.
"నలభై ఆరేళ్ళు కాపలా కాశాను, త్సియాలా.
ఎప్పట్నుంచి అక్కర్లేదో
ఒక్కడూ చెప్పలేదు."

దానికి నా గోడ మీద సరుకు లేదు.
టీ ఇచ్చాను.
ఎడమ రబ్బరు చిరిగిందని అబద్ధమాడి మార్చాను.
డబ్బులు తీసుకున్నాను, ఊరికే ఇస్తే ఇంకా నొచ్చుకుంటాడు.

ఆ రాత్రి నిద్రపట్టక
గొడుగేసుకుని వాళ్ళ మేడకి వెళ్ళాను.
దొంగతనానికే.
ఒక్కటి చాలు. అదీ డ్రైవరు వైపుది కాదు.
సంచిలో తువ్వాల కూడా పెట్టుకున్నాను,
దొంగకైనా పద్ధతుండాలి.

దీపస్తంభం కింద జిగులీ తడుస్తోంది.
చుట్టూ కొత్త కార్లు, అన్నిటికీ కనుబొమలున్నాయి.
దానికి లేవు.
రెండు బోడి చేతులు,
వాటి కింద అద్దం మీద
పొందిగ్గా మడిచిన తువ్వాల.

ఐదో అంతస్తులో లైటుంది.
మోకాలు ఎలా ఉందో
రేపు అడగాలి.