దవడ

నేను నిద్రల పండ్లు కొరుకుతనట.
పై మంచం ఓదెలు చెప్పిండు:
"రాత్రంత ఇసుర్రాయి తిప్పుతవేందిరా,
ఏం ఇసురుతున్నవ్?"

ఏం చెప్పాలె.
పొద్దంత లాండ్రీల తెల్ల దిష్‌డాషాలు ఇస్త్రీ చేస్త,
ఒక్క మడత పడనియ్య.
నా నొసటి మీది మడతలకు మాత్రం
ఏ ఆవిరీ పనిచేస్తలేదు.

మొదటి వీసా దొంగది.
రెండోసారి ఏడాది తిరగకముందే కంపెనీ మూతవడ్డది.
మూడోసారి కువైట్ల దిగేటాల్లకు
మిత్తికి మిత్తి పుట్టింది.
అసలు ముసలిదై ఓ మూలకు కూసున్నది,
దాని ముఖం చూసినోడే లేడు.

జిలీబుల మా గదికి ఏడు మంచాలు.
దినారు రేటు చూడంది ఎవ్వడూ లైటు బందు చెయ్యడు.
అక్కడ రూపాయి పడితె
ఇక్కడ మాకు నిద్ర పడుతది.
రూపాయి లేవాలని మొక్కాలెనో,
మా కన్ను మూతవడాలని మొక్కాలెనో.

జమున వాయిస్ మెసేజ్ పెడుతది.
ఇనకముందు ఎన్ని సెకన్లున్నదో చూస్త.
ఎనిమిదైతె పిల్లగాని ముచ్చట.
నలభై దాటిందంటె పైసల ముచ్చట.
గసొంటిది బువ్వ తిన్నంకనే ఇంట.
అయినా కడుపుల ఎవరో
తడి దుప్పటి పిండినట్టే ఉంటది.

మొన్న బువ్వల రాయి తగిలింది.
ఉమ్మి చూస్తె రాయి కాదు,
నా దవడ పన్ను పలుకు.

క్లినిక్కుల మలయాళీ డాక్టరమ్మ
ముందుగాల చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది.
మిషిన్ తప్పేమోనని మళ్లోసారి కొట్టింది.
"టెన్షన్?" అన్నది.
మా ఇద్దరి భాషల్ల గా ఒక్క మాటే ఒక్కటి.
లేదన్నట్టు తలకాయ ఊపిన.

పన్ను బతికియ్యాలంటె డెబ్బై దినార్లు.
పీకుతె ఎనిమిది.
కుర్చీల ఎల్లెలుకల పండుకొని, నోరు తెరిచి,
పై దీపం దిక్కు చూసుకుంట లెక్క గట్టిన:
డెబ్బై అంటె రెండు నెలల మిత్తి.
పీకుమన్న.

దూది కరిచి బస్సుల కూసున్న.
జమున ఫోన్ చేసింది.
ఊఁ అన్న. మళ్ల ఊఁ అన్న.
"ఏందట్ల మాట్లాడుతున్నవ్, తింటున్నవా?"
ఊఁ.
"ఏం కూర?"

ఆ రాత్రి చప్పుడు జెర తగ్గిందన్నడు ఓదెలు.
తగ్గదా మరి.

నాలికె మాత్రం ఊకుంటలేదు.
మాటిమాటికీ ఆ సందు కాడికే పోయి నిలవడుతున్నది,
అప్పిచ్చినోడు మా వాకిట్ల
చెప్పులిడువకుండ నిలవడ్డట్టు.