మూడో వరుస, ఎడంపక్క

ఆయ్, రాజమండ్రికాండి? ఇద్దరా?
పక్కపక్కనే కావాలంటే పాతికండి,
విడివిడిగా అయితే పదేసి.
ఆ పైన ఐదూ దేనికంటారా?
జత కలపడం తేలికేటండీ?
పెళ్ళిళ్ళ పేరయ్య నడగండి, సెప్తాడు.
మీ దగ్గర తువ్వాలేవన్నా ఉందాండి?
జేబురుమాలు పనికిరాదు,
దాని మీద కూకున్నాక అడిగితే
కనపడలేదంటాడు.
సంచీ ఏత్తే పైన అరలోకి నెట్టేత్తారు.
సెప్పుల జోడు మాత్రం ఎప్పుడూ ఎయ్యకండి,
సీటుక్కూడా ఓ ఇలువుంటాదండి.

ఈ తాతబ్బులు మాట ఇనండి:
పొద్దుటి బస్సుకి ఎడంపక్క.
కుడిపక్కన కూకున్నోడు
కొత్తపేట ఎల్లేసరికి అప్పడమైపోతాడు.
ఎనక టైరు మీద సీటు ఊరికే ఇచ్చినా ఒద్దు,
గోతిగోతికీ తిన్న పెసరట్టు
పలకరించడానికి పైకొత్తాది.
మూడో వరుస, ఇద్దరి సీటు, కిటికీ.
అదండి మహారాజయోగం.

బస్సు ఇంకా ఆగకుండానే
దాంతోపాటు పరిగెడతానండి,
కిటికీలోంచి తువ్వాలు,
దానెనకాలే తలుపులోంచి నేను.
ఇరవై ఆరేళ్ళు.
ఎన్ని మూడో వరసల్లో కూకున్నానో లెక్కలేదండి,
హారను మోగేదాకా.
మోగిందంటే లెగిసి దిగిపోడమే.
ఆ కిటికీల్లోంచి నేను సూసిందల్లా
సోడా బండీ, అమలాపురం డిపో గోడా,
గోడ మీద
ఇక్కడ నిలబడరాదన్న రాతానండి.
గౌతమి దాటలేదు.

మొన్న మాఘమాసంలో మా పల్లాలమ్మంది:
"ఊళ్ళో మొగుడూపెళ్ళాలందర్నీ పక్కపక్కన కూకోబెట్టేవు.
మనిద్దరం ఎప్పుడన్నా అలా కూకున్నామా?"
నిజమేనండి. పెళ్ళిలో కూకున్నాం,
అప్పుడూ పీటలు సాలక
నాకు తలగడేసేరు.

పట్టేనండి ఆ రోజు. మూడో వరుస, ఎడంపక్క.
ఎర్రంచు తువ్వాలు, ఇదే, నా భుజం మీదది.
కిటికీ దానికి. తల్లో కనకాంబరాలు,
ఒళ్ళో తంపటేసిన తేగల కట్ట.
పక్కన నేను. మోకాలికి మోకాలు తగిలింది.
ఏదో సెప్పబోయింది.
అప్పుడు మోగిందండి, హారను.

నా కాళ్ళు, నేను కాదండి, నా కాళ్ళు
లెగిసి దిగిపోయేయి.
కింద నిలబడి, రైట్ రైట్ అని
బస్సు ఈపు మీద తట్టేను కూడాను.
అది గేటు దాటి మలుపు తిరిగేక
భుజం తడుముకున్నాను.
తువ్వాలు లేదు.

తర్వాతి బస్సులో నిలబడే ఎల్లేనండి.
సీటు పట్టుకోవాలని తోచలేదు.
జొన్నాడ వంతెన మీద
ఎవరిదో సంక సందులోంచి కనపడింది గౌతమి,
సగం ఇసకా, సగం నీళ్ళూ,
నీళ్ళలో నిలబడ్డ ఓ ఒంటి పడవా.
నా ఎదర కూకున్నోడు నిద్దరోతన్నాడు.
కిటికీ వాడిది.

రాజమండ్రి కాంప్లెక్సులో
ఆ బస్సింకా అక్కడే ఉంది.
కండక్టరు మెట్టు మీద తల పట్టుక్కూకున్నాడు.
"రావులపాలెంలో ఎక్కినోళ్ళతో దెబ్బలాడింది,
వేమగిరిలో ఓ పెద్దాయన్ని లెగ్గొట్టింది,
మనిషొత్తాడు మనిషొత్తాడంటాది.
నడిచే బస్సులోకి ఎక్కణ్ణుంచొత్తాడమ్మా అంటే
నీకెందుకంటాది" అన్నాడు.

లోపల ఒక్కత్తే.
సెయ్యి తువ్వాలు మీదే ఉంది.
తీసింది.
"కూకో" అంది.
బస్సంతా ఖాళీ అండి. కూకున్నాను.
తేగ ఇరిచి, సందమామ తీసి
నాకు పెట్టింది.
ఎదరో గోడ. దాని మీదా ఏదో రాసుంది.
సదవలేదు.

అదిగో, మీ బస్సొత్తంది.
అమ్మగోర్ని కాస్త ఇటు జరగమనండి, దుమ్ము.
తువ్వాలు లేకపోతే కండువా, దుప్పటి,
ఏదన్నా ఇవ్వండి, బేగి.

ఇదా?
ఇది ఇసరనండి.