గాలి తిన్న రేకు

తుఫాను నాలుగో రాత్రి. చిలోయే దీవిలో
మా వీధికింకా కరెంటు రాలేదు.
చేపల తొట్టి ఫిల్టర్లోంచి బొగ్గు తీసి
సీసా అడుగుతో నూరుతున్నాడు రెమీహియో.
ఆ తొట్టిలో చేప పోయినేడే చచ్చిపోయింది.

అల్యూమినియం రేకు అమ్మమ్మది.
సాల్మన్ కాల్చిన ప్రతిసారీ కడిగి
గోటితో ముడతలు తీసి దాచుకునేది.
అడక్కుండా తెచ్చాం.

రేకు, దాని మీద ఉప్పునీళ్లలో తడిపిన కాగితం,
ఆపైన బొగ్గు, బొగ్గులో ఓ తీగ.
చెదరకుండా ప్లాస్టిక్ సంచి బిగించి చుట్టి
మూడు పొట్లాలూ వరసగా కలిపాం.
బొమ్మకారు నుంచి పీకిన బల్బు
మినుక్కుమని ఊరుకుంది.

"ఊపిరాడనివ్వండ్రా దానికి!"
చీకట్లోంచి ఎదువీనా అమ్మమ్మ,
రొట్టెపిండి గురించి చెప్పినట్టే.

సంచి విప్పాం.
ఎర్రటి చుక్క. మిణుగురు నయం.
ఆ వెలుగులో చదవడానికేమీ లేదు,
రేకు కోసం చాచిన ఆమె చెయ్యి తప్ప.

పొద్దున్నే దాన్ని కిటికీకి పట్టి చూసింది.
నిండా సూదిబెజ్జాలు.
ఒక్కో బెజ్జంలోనూ కాస్త సముద్రం.
"రాత్రి వెలుగంతా ఇందులోంచే పోయిందన్నమాట,"
అని మడిచి
మళ్లీ సొరుగులోనే పెట్టింది.