గని తీసేశాక

మొదట బంగారు గని తీసేశాను.
తర్వాత కలప, ధాన్యం కొట్టు,
గొడ్డలి భుజానేసుకుని రోజంతా తిరిగే కూలీలని.
స్క్రీన్ మీద మిగిలినవి
రెండు దండులు, ఒక వంతెన, మూడు నిమిషాలు.

కంచరపాలెం మేడమీద పోలరాజు ఆడాడు.
తెల్లారుజామున ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాడే మనిషి,
వాడి వేలు ఎక్కడా ఆగదు.
నాలుగాటలు గెలిచి ఫోను బోర్లించాడు:
"దాచుకోడానికి ఏటీ నేదు, సరే.
మరి ఆలీసమైతే ఏటి పోద్ది?
మా కాడ ఐసు కరిగిపోద్ది."

ఆ రాత్రి ఒక్క నియమం రాశాను:
నిలబడిపోయిన సైనికుడు
పాదాల నుంచి పైకి కరుగుతాడు.

మర్నాడు వంతెన దగ్గర
ఏ దారో తేల్చుకోలేక
వాడి దండు మోకాళ్ళదాకా పోయింది.
కళ్ళు తిప్పకుండానే అన్నాడు,
"ఇప్పుడొస్తంది నీసు వాసన."