గోడకు ఇవతల

సినిమా నేను చూడలా.
పంతొమ్మిదేండ్లుగా ఏ సినిమా చూడలా నేను,
విన్నా.
ఉరవకొండలో టాకీసు పడమటి గోడకు ఆనుకొనే నా సైకిల్ స్టాండు.
పేరుకే సైకిల్, నిలిచేవన్నీ మోటారుబండ్లే.
గోడకు వీపు ఆనిస్తే
ఫైటు ఎముకల్లోకి వస్తాది,
పాట నడుముకాడ తెలుస్తాది.

ఇది మాత్రం వీపుకు తెలియని సినిమా.
మబ్బులను చదివిన సైంటిస్టు కథంట.
మూడు గంటల పదహైదు నిమిషాలు.
పొడుగని దినానికి రెండాటలే వేసినారు.
శుక్రవారం ఫస్ట్ షో మొదలై ఎంతసేపైనా
బోర్డు మీద సుద్దముక్క గీకుడు,
దగ్గు,
మళ్లీ గీకుడు.
మిషను చెడిందేమోనని పైకి చూస్తే
ఆపరేటరు నెట్టికంటయ్య కిటికీలోంచి చెయ్యి ఊపినాడు,
"సినిమానే అట్లుందిలేప్పా" అని.

ఇంటర్వెల్‌కే ఇరవై మంది చీటీలిచ్చి బండ్లడిగినారు.
ఒక ఫైటు లేదంట, ఒక డాన్సు లేదంట,
ఉన్న పెండ్లాముకేమో కాగితాలు సర్దేదే సరిపాయెనంట.
ఒక పిల్లగాడు సగం డబ్బులు తిరిగిమ్మన్నాడు,
సగం సినిమాకు సగం స్టాండు చార్జీ అని.
లెక్క నిజమే అనిపించి ఐదు రూపాయలిచ్చినా.

రెండో సగంలో వానొచ్చింది.
గోడకు అవతల. నాకేం తెలుసు?
మొదట సన్నగా, రేకు మీద చిల్లర ఎంచినట్టు.
తర్వాత తెంపు లేకుండా.
ఉరికి పోయి టార్పాలిన్ లాగి
నలభై రెండు సీట్లకూ కప్పినా.
కప్పినాక చూసుకుంటే నా చొక్కా పొడిగా ఉంది.
కొండ పడగ మీద చుక్కలు.
ఎదురుగా టీ అంగడి హంపమ్మ నవ్వి నవ్వి
గ్లాసొకటి పగలగొట్టుకుంది.

తొమ్మిది నిమిషాల వానంట అది,
ఆట వదిలినాక చెప్పినారు.
ఈల లేదు. చప్పట్లు లేవు.
నిజం వాన పడేటప్పుడు మా ఊరోళ్లు ఎట్లుంటారో
అట్లే ఉన్నారంట లోపల,
మాట్లాడితే ఆగిపోతాదేమోనని.

చీటీలతో పాటు మాటలు కూడా నా చేతిలోనే పడతాయి.
నేత చెన్నవీరప్ప,
"నలభై ఏండ్లు ఒకే లెక్క చేసి తప్పని తేల్చుకునె.
నేనైతే రెండో పోగు తెగినప్పుడే మగ్గం దిగుదును" అన్నాడు.
దిగడు. ఆయప్ప సంగతి నాకు తెలుసు.
లాలెప్ప సారుకు కోపం,
బోర్డు మీద ఒక మైనస్ గుర్తు మరిచిపోయినారని.
స్టాండు చీటీ వెనక అంతా రాసి చూపించినాడు.
నాకు చూపిస్తే ఏమొస్తాది? తల ఊపినా.
జాకెట్లు కుట్టే షంషాద్ బీ చెప్పులు వెతుక్కుంటా,
"ఆయన మబ్బులు చూస్తాంటే పళ్లెంలో అన్నం చల్లారిపాయె.
అది ఎవరు తిన్నారో చూపించనే లేదు" అనింది.
దానికి లాలెప్ప సారు కూడా గమ్మునైనాడు.

బోరు లారీ సుంకన్న అందరికంటే చివర వచ్చినాడు.
తాళం తిప్పలా. సీటు మీద అట్లే కూర్చున్నాడు.
"ఓడిపోయిన దినం ఆ మనిషి పుస్తకంలో ఏం రాసుకున్నాడో చూసినావా?"
నేను చూడలేదని మరిచినాడు.
"తేదీ. టైము. గాలి దిక్కు. 'లేదు' అని. అంతే.
ఎన్ని బోర్లు వేసింటా ఖలందరన్నా నేను?
ఎనిమిది నూర్ల అడుగులు దించి దుమ్మొస్తే
డీజిలు రాసుకుంటి, బాకీ రాసుకుంటి.
ఏ లోతులో దుమ్ము ఏ రంగో రాసుకునింటే
పక్క చేనోనికన్నా పనికొస్తుండె."
బీడీ అడిగి, వెలిగించకుండానే పోయినాడు.

నాలుగో దినం పోస్టరు మీద ఇంకో పోస్టరు అంటించినారు.
మబ్బులాయన చెవి ఒకటి అంచున మిగిలింది.
కొత్త సినిమా వీపుకు బాగా తెలుస్తాంది.

ఆ రాత్రి గల్లా కట్టేసే ముందు
చీటీల పుస్తకం చివరి అట్ట మీద
ఊరికే రాసిపెట్టినా:

శుక్రవారం. ఎనిమిదీ యాభై. పడమటి గాలి.
వాన, గోడకు అవతల.
బండ్లు నలభై రెండు.
టార్పాలిన్ కప్పినా.