బిళ్ళ నంబరు పదకొండు

గంటస్తంభం వెనక సందులో, మెట్ల కింద
నా కొట్టుకి ఆ రోజు కరెంటు ఉంది.
అదే పెద్ద విషయం.

పతివాడ తవిటయ్య గారు
బియ్యం సంచిలో చుట్టి తెచ్చారు ల్యాప్‌టాప్‌ని.
జూట్ మిల్లులో ఇరవయ్యారేళ్లు టైమ్ కీపరు.
గేటుకి తాళం పడి పద్నాలుగు నెలలు.
ఆఫీసు పాతసామాను వేలంలో
పదిహేను వందలకి దొరికిందట,
కూలీల బకాయిల లెక్క ఇందులో కట్టాలట.
"కిటికీల బొమ్మది వద్దు, దానికి డబ్బులడుగుతారు.
ఆ పెంగ్విన్ పిట్టది ఎక్కించు."

సీడీ గిర్రున తిరిగింది.
తెల్ల అక్షరాలు చీమలబారులా దిగి దిగి
నెట్‌వర్క్ కార్డు దగ్గరికొచ్చి
ఆగిపోయాయి.
స్పీకర్లోంచి చిన్న గురక.
మీట నొక్కితే పలకదు.
మూడుసార్లు. రెండు టీలు. మళ్లీ అక్కడే.

నాలుగోసారి, ఆగకముందే
రెండో తెర మీదకి దూకి లోపలి పట్టీ తెరిచాను.
ఎవరు పిలిస్తే మిషను చేతిలో పని ఆపి
తలెత్తి చూడాలో, ఆ నంబర్ల పట్టీ.
సున్నా గడియారానిది.
బయట గంటస్తంభంలాగే, దాని చోటు ఎవరికీ ఇవ్వరు.
ఒకటి కీబోర్డుది.
పదకొండు దగ్గర మాత్రం రెండు పేర్లు, మధ్యలో కామా:
సౌండు, నెట్‌వర్కు.
ఇద్దరూ ఒకే గొంతుతో కేకేస్తుంటే
ఎటు తిరగాలో తెలీక నిలబడిపోయింది మిషను.

తవిటయ్య గారు నుదుటి మీంచి కళ్లజోడు దించి
అంకెల వరస మాత్రం చదివారు.
"ఏటిది, ఒకే బిళ్ళ ఇద్దరికిచ్చీసినారేటి?"

జేబులోంచి తీసి బల్ల మీద పెట్టారు,
ఇత్తడి బిళ్ళ, అరిగిన అంచు, పైన చిల్లు.
"ఓపాలి స్పిన్నింగుల ఇద్దరప్పన్నలకి
ఒకే నంబరు పడిపోనాది.
జీతాలనాడు కౌంటరు కాడ ఇద్దరూ సెయ్యి సాపితే
కేషియరు కదల్నేదు,
ఎనకాల నాలుగొందల మందీ కదల్నేదు."

"మరేం చేశారు?"

"కొత్త బిళ్ళకి కలకత్తా రాయాల. నెల్లాళ్లు.
పట్టీల పేరుండి పనికి రానోడెవుడో సూసినాను."

నేనూ చూశాను.
మూడో నంబరు మీద కూర్చునుంది
ఇన్‌ఫ్రారెడ్ కన్ను.
ల్యాప్‌టాప్ పక్కన నల్ల గాజుముక్క,
ఎవరూ ఏనాడూ దేనికీ వాడనిది.
దాని పిలుపుల లెక్క: సున్నా.

మిషను ఆపి, మళ్లీ వేసి, ఎఫ్‌టూ నొక్కి
నీలం తెరలోకి వెళ్లాను. బాణం కిందకి, ఇంకా కిందకి.
కొట్టేసే మీట మీద వేలు పెట్టగానే
"ఉండు" అన్నారు.

"కొట్టీసే ముందర మూడుపాలు పిలవాల.
గేటు కాడ నిలబడి పిలిసీవోణ్ణి.
ఒక్కోపాలి మూడో పిలుపుకి వొచ్చీసీవోరు,
జొరంతోటి, దుప్పటి కప్పుకోని."

నవ్వబోయాను. ఆయన నవ్వలేదు.
అందుకని, చల్లారిన టీ గ్లాసుల పక్కన
కంటికి కనపడని వెలుగుని
ఇద్దరం పేరెట్టి పిలిచాం.
ఒకసారి. రెండుసార్లు.
మూడోసారికి ఆయన గొంతు గేటు దగ్గరి గొంతయింది.
మెట్ల మీద ఎవరో ఆగి తొంగి చూశారు.

రాలేదు.
కొట్టేశాను.

నెట్‌వర్కు మూడుకి మారింది, సౌండు పదకొండులో ఉండిపోయింది.
అక్షరాలు ఆగకుండా దిగాయి.
గంటంబావుకి, పేరేం పెట్టమంటావని అడిగింది.
ఆయన బిళ్ళ తిప్పి చూపించారు: రెండు వేల నూట ఏడు.
అంకెతో మొదలైతే ఒప్పుకోనంది మిషను.
"ముందర టీ అచ్చరం పెట్టు, టైమ్ కీపరని."

వెలుతురు తగ్గించే మీట పనిచెయ్యదని చెప్పాను.
మూత వేస్తే నిద్రపోతుంది, లేవదనీ చెప్పాను.
ఆయన వినలేదు. తెర మీద తన నంబరే చూస్తున్నారు.

"ఈ పట్టీలోంచి నన్నెవుడైనా కొట్టీగల్డా?"
"ఒక్కడే. రూట్ అంటారు."
"ఆడెవుడు?"
"మీరే."

బిళ్ళ జేబులో వేసుకుని
బియ్యం సంచి దులిపారు.
రెండు గింజలు రాలాయి నా బల్ల మీద.